పదహారో మాట

ఎర్రబోరులో మా దుకాణపు అరుగు మీద ఏడు కొలపాత్రలు వరుస తప్పకుండా ఉండేవి: గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. మా గోదావరి వైపు లెక్కలో ప్రతి పాత్రా తనకు ముందున్న దానికి రెట్టింపు. కిలోల తూనికలు వచ్చి చాలా కాలమైనప్పటికీ, సంతకు వచ్చే దొర్లలూ కోయలూ చింతపండుకో ఇప్పపువ్వుకో బదులుగా ఉప్పు, బియ్యం తీసుకొనేటప్పుడు వేలితో పాత్రనే చూపించేవారు. కంటికి కనిపించే కొలత మీద వారికున్న నమ్మకం తక్కెడ ముల్లు మీద ఉండేది కాదు.

నాన్నగారు నాకు నేర్పిన మొదటి గణితం ఆ పాత్రలతోనే. "గిద్ద మొదలు అడ్డ దాకా ఆరు పాత్రలూ నింపి కుంచంలో పోస్తే కుంచం నిండుతుందా?" అని అడిగేవారు. నిండుతుందని నేను పందెం కాసేవాణ్ణి. పోసి చూస్తే ప్రతిసారీ వెలితే. గిద్ద ఒకటి, అరసోల రెండు, సోల నాలుగు, తవ్వ ఎనిమిది, మానిక పదహారు, అడ్డ ముప్పై రెండు; అన్నీ కలిపితే 63 గిద్దలు. కుంచానికి 64 కావాలి. "ఎంత పోసినా ఒక గిద్ద తక్కువేరా" అని నాన్నగారు నవ్వేవారు. రెట్టింపుల వరుసలో వెనకటివన్నీ కలిపినా తరువాతి దానికి ఒకటి తక్కువే ఉంటుందనే సూత్రం నాకు అక్షరాభ్యాసంతో పాటే అబ్బింది. అయితే అది నాకు తెలుసునని నేను తెలుసుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ ఆలస్యాన్ని గురించినది.

మా తాతగారు పిఠాపురం ప్రాంతం నుంచి స్వాతంత్ర్యానికి ముందే వ్యాపార నిమిత్తం బస్తరుకు తరలివచ్చారు. అప్పటికి అది సంస్థానం. బస్తరు రాజులు తాము కాకతీయ వంశీయులమనీ, ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు తమ మూలపురుషుడనీ చెప్పుకొన్నారు. తరువాత ఎర్రబోరు మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లాలో ఉన్నది. 1998లో దంతెవాడ జిల్లాకు, 2000లో కొత్తగా ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి, 2012లో సుక్మా జిల్లాకు చెందినది. కాగితాల మీద ఊరి చిరునామా ఇన్నిసార్లు మారినా, అక్కడి వాగుల నీరు మాత్రం శబరిలో కలిసి, కూనవరం వద్ద గోదావరిలోకి చేరుతూనే ఉన్నది. మా ఇంటి తెలుగు కూడా అదే దారిలో, ఎదురు దిక్కుగా వచ్చినదని నాన్నగారి అభిప్రాయం.

ఆ తెలుగుకు మా ఇంట్లో ఉన్న ఆస్తి ఒక పాత ఆవర్జా. ఖాతాలు మొదలయ్యే ముందు నాలుగు పుటల్లో తాతగారు తమ ముద్దయిన దస్తూరితో కొన్ని గణిత పద్యాలు రాసుకొన్నారు. వాటిలో ఒకటి చదరంగపు బల్లను గురించిన చంపకమాల. కథ లోకప్రసిద్ధమే: చదరంగాన్ని కనిపెట్టినవాడు రాజును బహుమానంగా మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళకూ రెట్టింపులు కోరాడు. పదమూడవ శతాబ్దపు అరబ్బీ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ ఆ కోరినవాని పేరు సిస్సా అని రాశాడు. అంతకు చాలా ముందే, క్రీ.శ. 1000 ప్రాంతంలో, అల్‌బెరూనీ ఈ మొత్తాన్ని లెక్కించే ఉపాయం చెప్పాడు. తెలుగులో ఆ మొత్తాన్ని పద్యంలో బంధించిన గౌరవం పావులూరి మల్లనది.

మల్లన తెలుగువారి తొలి గణిత గ్రంథకర్త. తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యులు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని ఆయన పద్యాల్లో తెనిగించాడు. ఆయన రాజరాజ నరేంద్రుని కాలం నాటివాడా, తరువాతి తరాలవాడా అనే చర్చ పండితుల్లో ఉన్నది. పిఠాపురం దగ్గరి నవఖండవాడతో ఆ కుటుంబానికి గల సంబంధం సాహిత్య చరిత్రల్లో ప్రస్తావనకు వస్తుంది. మా తాతగారు మల్లనను తమ ఊరివాడిగానే భావించేవారట. మూలకర్త మహావీరాచార్యులకు సంఖ్యల అందం మీద మక్కువ ఎక్కువ. 142857143ను 7తో గుణిస్తే 1000000001 వస్తుంది. రెండు కొసలా రెండు పూసలు, నడుమ అన్నీ సున్నలు. దానిని ఆయన రాజుకు తగిన కంఠహారంగా వర్ణించాడు. అంకెల్లో ఆభరణాన్ని చూడగల ఆ సంప్రదాయమే మల్లనకు సంక్రమించింది.

పద్యంలో అంకెలను అంకెలుగా చెప్పరు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్న. ఇవి భూతసంఖ్యలు. పద్యాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతూ, అంకెలను కుడి నుంచి ఎడమకు వేసుకోవాలి. మల్లన పద్యంలో అలాంటి మాటలు ఇరవై. వాటిని వరుసగా వేస్తే వచ్చే సంఖ్య 18446744073709551615. పాత్రల భాషలో చెప్పాలంటే, అరవై అయిదో గడికి రావలసిన దానికి ఒక్క గింజ తక్కువ.

అయితే మా ఆవర్జాలో ఉన్నవి పంతొమ్మిది మాటలే. రెండో పాదం నడుమ చెదపురుగు తొలిచిన చిన్న రంధ్రం ఉన్నది. లెక్క ప్రకారం అక్కడ ఉండవలసినది పదహారో మాట. తాతగారు పోయిన తరువాత ఆ మాట ఏదో చెప్పేవారు మా ఇంట్లో లేకపోయారు. నాన్నగారు పద్యం చదివేటప్పుడు ఆ చోట ఒక క్షణం ఆగి ముందుకు పోయేవారు. ఆ నిశ్శబ్దం పద్యంలో భాగమని చిన్నతనంలో నేను అనుకొన్నాను.

నేను భద్రాచలంలో వసతిగృహంలో ఉండి చదివి, డిగ్రీకి చరిత్ర తీసుకొన్నాను. గణితంలో బొటాబొటి మార్కులు వచ్చేవి. 1999లో కళాశాల సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఈ పద్యం గుర్తుకు వచ్చింది. అది అచ్చులో ఉన్న ప్రసిద్ధ పద్యమన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. మా ఇంటి ఆవర్జాలోనే దాగి ఉన్నదని నమ్మి, లోకానికి నేనే వెల్లడిస్తున్నానన్న ఉత్సాహంతో సెలవులకు వచ్చి పద్యం ఎత్తి రాసుకొన్నాను. పదహారో మాటను పూరించే భారం నేనే నెత్తిన వేసుకొన్నాను.

నా పద్ధతి పూర్తిగా తప్పేమీ కాదు. చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానం. రెండో పాదం 'ధ'తో మొదలవుతున్నది. పోయిన మాట సరిగ్గా పదకొండో అక్షరంతో ఆరంభం కావాలి. కనుక అది త, థ, ద, ధలలో ఒకదానితో, 'అ'కు మైత్రి గల అచ్చుతో మొదలు కావాలి; ఒక గురువు, ఒక లఘువు కలిగి ఉండాలి. అలాంటి భూతసంఖ్యలు నాకు నాలుగు దొరికాయి. షడ్దర్శనాలను బట్టి 'తర్క' అంటే ఆరు. అష్టదిగ్గజాలను బట్టి 'దంతి' అంటే ఎనిమిది. అశ్వినీ దేవతలను బట్టి 'దస్ర' అంటే రెండు. సప్తధాతువులను బట్టి 'ధాతు' అంటే ఏడు. నాలుగూ ఛందస్సుకు ఒదిగినవే. ఛందస్సు నన్ను నాలుగు తలుపుల ముందు నిలబెట్టి తప్పుకొన్నది.

నేను 'దంతి'ని ఎంచుకొన్నాను. చదరంగంలో ఏనుగు ఉంటుంది గనుక చదరంగపు పద్యంలో ఏనుగు ఉండటం సమంజసమని ఒక వాక్యం, మధ్యయుగ సైన్యాల్లో గజబలాన్ని గురించి ఒక పేరా రాశాను. నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన తలపంకించి, "మాట బాగానే ఉందిరా, లెక్క ఒప్పుకోదేమో, ఒకసారి చూసుకో" అన్నారు. దుకాణం లెక్కకూ కావ్యపాఠానికీ సంబంధం లేదని నేను కొంచెం దురుసుగానే జవాబిచ్చాను. ఆయన మరి మాట్లాడలేదు. వ్యాసం అచ్చయింది. దాని ప్రతిని నాన్నగారు చాలాకాలం గల్లాపెట్టె మీద ఉంచుకొని, వచ్చినవారికి చూపించేవారు.

తరువాత ఎం.ఏ. పూర్తి చేశాను, పోటీ పరీక్షలు రాసి ప్రభుత్వోద్యోగంలో చేరాను. ఎర్రబోరుకు రాకపోకలు తగ్గాయి. 2006 జులైలో ఎర్రబోరులోని సహాయ శిబిరంపై జరిగిన దాడిలో ముప్పై మందికి పైగా మరణించారు. ఆ వార్తలో ఊరిపేరు చూసిన రాత్రి నేను నిద్రపోలేదు. మరికొన్ని రోజులకు నాన్నగారు ఒక రేకుపెట్టెతో భద్రాచలం చేరారు. అందులో బట్టలకన్నా ఎక్కువ చోటు ఏడు కొలపాత్రలూ ఆవర్జా ఆక్రమించాయి. ఖాతాల్లో రావలసిన బాకీలను ఆయన ఎన్నడూ ప్రస్తావించలేదు. "ఎవరు ఉన్నారో ఎవరు లేరో తెలియకుండా బాకీ ఏమిటి" అని ఒక్కసారి అన్నారు. 2014లో ఆయన కాలం చేశారు.

కర్మలు ముగిసిన తరువాత ఒక సాయంకాలం ఆవర్జా తెరిచాను. చదరంగ పద్యం ఉన్న పుట అంచున పెన్సిలుతో చిన్న అక్షరాలు కనిపించాయి. నాన్నగారి దస్తూరి. మొదట ఒక వరుస: 3, 12, 48, 192. దాని కింద 'అన్నీ మూళ్ళే' అని రాసి ఉన్నది. ఆ కింద ద్రవ్యం కూడికలా పద్యంలోని అంకెల కూడిక; చివర 81. దాని పక్కన నాలుగు వరుసలు: దస్ర 83, ధాతు 87కు బదులు 88, దంతి 89, తర్క 87. మొదటి మూడింటి మీద అడ్డగీత. నాలుగోదాని కింద ఒక సున్నితమైన గీత. అంతే.

ఆ పుటలో ఉన్నదేమిటో అర్థం కావడానికి నాకు రెండు గంటలు పట్టింది. పాఠకులకు అంత సమయం పట్టకూడదు గనుక వివరిస్తాను.

చదరంగపు గళ్ళను రెండేసి చొప్పున జతలు కట్టండి. మొదటి జతలో 1, 2, మొత్తం 3. రెండో జతలో 4, 8, మొత్తం 12. మూడో జతలో 16, 32, మొత్తం 48. ప్రతి జత మొత్తమూ దాని ముందు జతకు నాలుగింతలు. మొదటిది మూడు గనుక అన్నీ మూడు గుణిజాలే. ముప్పై రెండు జతలు కలిపినా మూడు గుణిజమే. ఇంత పెద్ద సంఖ్యను అంకెల్లో వేయకముందే, అది మూడుతో నిశ్శేషంగా భాగింపబడుతుందని తేలిపోయింది. ఇక రెండో మెట్టు వర్తకులకు సుపరిచితమైనది: ఒక సంఖ్య మూడు గుణిజమైతే దాని అంకెల కూడిక కూడా మూడు గుణిజమే అవుతుంది. మిగిలిన పంతొమ్మిది అంకెల కూడిక 81. అదే మూడు గుణిజం గనుక, పోయిన అంకె 0, 3, 6, 9లలో ఒకటి కావాలి. ఛందస్సు చెప్పినవి 2, 6, 7, 8. రెండు జాబితాల్లోనూ ఉన్నది ఒక్కటే: ఆరు. ఆ మాట 'తర్క'.

నేను అచ్చువేయించిన 'దంతి' వలన కూడిక 89 అవుతుంది. అది మూడు లోకి పోదు. లెక్క ఒప్పుకోదని నాన్నగారు అన్నది సామెతగా కాదు, అక్షరాలా అన్నారు. నా ఏనుగు అంకెలలో ఎడమ నుంచి అయిదో స్థానంలో కూర్చున్నది. అక్కడ రెండు ఎక్కువైతే మొత్తానికి ఇరవై కోట్ల కోట్ల గింజలు ఎక్కువవుతాయి. యాభై బియ్యపు గింజలు ఒక గ్రాము అనుకొంటే, నేను రాజుగారి ఖజానా నుంచి నాలుగు కోట్ల టన్నుల బియ్యాన్ని అన్యాయంగా ఇప్పించాను. మల్లన చెప్పిన అసలు మొత్తమే అదే తూకంలో సుమారు 36,900 కోట్ల టన్నులు. నేటి ప్రపంచం ఏటా పండించే బియ్యం యాభై కోట్ల టన్నులకు కాస్త అటూ ఇటూ. ఆ బాకీ తీరడానికి ఏడు వందల ఏళ్ళు చాలవు.

ఆ పెన్సిలు రాతలు ఎప్పటివో తెలిపే తేదీ లేదు. నా వ్యాసం వచ్చిన తరువాత కూర్చుని చూసుకొన్నారో, నాకు చదివి వినిపించుకొన్న రాత్రే చూసుకొన్నారో. తప్పని తెలిసీ ఆ సంచికను గల్లాపెట్టె మీద ఉంచుకొన్నారా అన్న ప్రశ్నను నేను ఎక్కువసేపు మోయలేకపోయాను. అచ్చయిన గ్రంథాలు వెదికి పద్యాన్ని సరిచూశాను. పదహారో మాట 'తర్క'మే.

అప్పటి నుంచి ఆ సంఖ్యను వదలలేకపోయాను. గణితం తప్పించుకొనేందుకు చరిత్ర తీసుకొన్నవాడిని, రాత్రి ఆఫీసు ఫైళ్ళు ముగిశాక చదరంగపు బల్ల ముందు కూర్చునేవాణ్ణి. నాన్నగారు రెండేసి గళ్ళుగా మడిచిన బల్లను నేను నాలుగేసిగా మడిచాను. 1, 2, 4, 8 కలిపితే 15. అంటే సంఖ్యలో 3తో పాటు 5 కూడా ఉన్నది. ఎనిమిదేసి గళ్ళు, అంటే ఒక పూర్తి వరుస, కలిపితే 255. అది 15 ఇంతలు 17. రెండు వరుసలు కలిపితే 65535. అది 255 ఇంతలు 257. నాలుగు వరుసలు, అంటే అర బల్ల, కలిపితే 4294967295. అది 65535 ఇంతలు 65537. బల్ల మొత్తం అర బల్లకు 4294967297 ఇంతలు. ప్రతి మడతలోనూ ఒక కొత్త కారణాంకం బయటపడుతున్నది. ఇరవై అంకెల సంఖ్యను ఇంత తేలికగా విడదీయగలగడం అది రెట్టింపుల నుంచి పుట్టినందువల్లనే.

ఇలా వచ్చిన 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరుసను చూసి, దీనిలోని సంఖ్యలన్నీ ప్రధానాలే కావాలని అభిప్రాయపడ్డాడు. వరుసలో తరువాతిది మన చివరి మడతలో వచ్చిన 4294967297. 1732లో ఆయిలర్ దానిని 641తో భాగించి చూపాడు. రెండో కారణాంకం 6700417. మహావిద్వాంసుడైన ఫెర్మా కూడా అయిదు పాత్రలు చూసి ఆరో పాత్రను ఊహించాడన్నమాట. నా ఏనుగుకు అది నాకు కొంత ఊరట కలిగించింది. కానీ ఆయనది ఊహ అని ఆయనకు తెలుసు, నాది పాఠమని నేను అచ్చువేయించాను.

కనుక మల్లన సంఖ్య ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏ ఒక్కటీ రెండుసార్లు రాదు. వీటిని తీసుకొనీ మానీ చేసే ఎంపికలు 128 గనుక ఆ సంఖ్యకు సరిగ్గా 128 భాజకాలు ఉన్నాయి. ఇందులో మరో విశేషం ఉన్నది. 1796లో యువకుడైన గౌస్ కేవలం స్కేలు, వృత్తలేఖినిలతో పదిహేడు సమభుజాల ఆకృతిని గీయవచ్చునని నిరూపించాడు. ఆ పద్ధతిలో గీయగలమని ఇంతవరకు తెలిసిన బేసి సంఖ్యా భుజాల ఆకృతుల్లో అతి పెద్దదానికి 4294967295 భుజాలు. అది మన అర బల్ల మొత్తమే.

ఈ సంఖ్య నేడు పద్యాల్లో మాత్రమే లేదు. అరవై నాలుగు బిట్ల కంప్యూటరు ఒక గదిలో పట్టగల అతి పెద్ద పూర్ణాంకం ఇదే. అరవై నాలుగు స్థానాల్లోనూ ఒకట్లు నింపితే వచ్చేది మల్లన చెప్పిన మొత్తమే. మన చేతి ఫోను కూడా ఆ హద్దునే పాటిస్తున్నది. నేను ప్రతిదినం ఫైళ్ళ మీద చేసే డిజిటల్ సంతకం వంటి వాటిలో వాడే ఆర్.ఎస్.ఏ. పద్ధతిలో బహిరంగ ఘాతంగా సాధారణంగా తీసుకొనేది 65537. అది మన బల్ల నాలుగో మడతలో దొరికిన సంఖ్య. ఆ పద్ధతికి భద్రత ఇచ్చేది మాత్రం మల్లన సంఖ్య వంటిది కాదు. అది రెండు మహా ప్రధాన సంఖ్యలను గుణించగా వచ్చిన, ఆరు వందలకు పైగా అంకెలు గల సంయుక్త సంఖ్య. దానికి మడతలు లేవు. తయారుచేసినవానికి తప్ప అన్యులకు అది తెరుచుకోదు. ఒక సంయుక్త సంఖ్య తన కారణాంకాలను దాచి రహస్యాన్ని కాపాడుతుంది. మరొకటి తన కారణాంకాలను అందరికీ చూపి తన పాఠాన్ని కాపాడుకొంటుంది.

ఈ రెండో గుణమే చరిత్ర విద్యార్థిగా నన్ను ఎక్కువగా ఆకర్షించినది. తాళపత్రాలకు ప్రతులు రాసే లేఖకులు సాధారణంగా రెండు తప్పులు చేస్తారు. ఒక మాట బదులు మరో మాట రాస్తారు. లేదా పక్కపక్క మాటలను తారుమారు చేస్తారు. అంకెలు తారుమారైనా కూడిక మారదు గనుక నాన్నగారి మూడు రెండో తప్పును పట్టుకోలేదు. కానీ పదిహేడు పట్టుకొంటుంది. ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు రెండు తమ స్థానాలు మార్చుకొన్నా ఏర్పడే తేడా ఏనాడూ పదిహేడుకు గుణిజం కాజాలదు. కనుక అటువంటి తప్పు ఒక్కటి జరిగితే సంఖ్య పదిహేడుతో భాగింపబడటం మానివేస్తుంది. ఒకే మాట పోతే, ఛందస్సు సాయం లేకుండానే, పది అంకెల్లో అసలైనది ఏదో పదిహేడు ఒక్కటే తేల్చిచెబుతుంది. మా ఆవర్జా రంధ్రంలో ఒక్కొక్క అంకె పెట్టి భాగించి చూశాను. శేషం లేకుండా పోయినది ఆరు ఒక్కటే. పద్యాన్ని యతిప్రాసలు బయటి నుంచి కాపలా కాస్తే, సంఖ్యను దాని కారణాంకాలు లోపలి నుంచి కాపలా కాస్తున్నాయి. ఇన్ని శతాబ్దాల ప్రయాణంలో ఇరవై అంకెల్లో ఒకటీ చెడకపోవడానికి ఈ రెండు కాపలాలూ తోడ్పడి ఉంటాయని నా నమ్మకం.

నా ఉద్యోగంలో అనేక జాబితాలు నా చేతుల మీదుగా వెళ్తుంటాయి. పేర్లు, ఇంటి నంబర్లు, విస్తీర్ణాలు. అడ్డు మొత్తమూ నిలువు మొత్తమూ సరిపోతే, చినిగిన ఒక గడిని మళ్ళీ నింపవచ్చు. ఒకప్పుడు అది గుమాస్తా పని అనుకొనేవాణ్ణి. ఇప్పుడు స్వయంగా కూడి చూస్తాను. అయితే ఆ పని చేస్తున్నప్పుడల్లా మా ఆవర్జాలోని మిగిలిన పుటలు గుర్తుకు వస్తాయి. వాటిలోనూ చెద తొలిచిన చోట్లు ఉన్నాయి. ఉప్పు అరువు తీసుకొన్న దొర్ల ఆడపడుచు పేరు, చింతపండు తెచ్చిన పెద్దాయన పేరు సగం సగంగా మిగిలాయి. వారి వెంట ఏ మూడూ ఏ పదిహేడూ కాపలా లేదు. మనిషి పేరును మరొక మనిషి జ్ఞాపకమే నింపాలి. ఆ జ్ఞాపకం ఉన్నవారు 2006 తరువాత నాలుగు దిక్కులా చెదిరిపోయారు.

రంధ్రం ఉన్న చోట నేను ఏమీ రాయలేదు. పక్కన నాన్నగారి పెన్సిలు గీత ఉన్నది, అది చాలు. కళాశాల సంచిక ప్రతి ఒకటి వెదికి తెచ్చి, 'దంతి' ఉన్న చోట నా చేత్తో కొట్టివేసి, 'తర్క' అని రాసి, ఆ పుటలోనే ఉంచాను. మా అబ్బాయి ఆ మధ్య ఏడు పాత్రలనూ కిందికి దించి వరుస పెట్టాడు. ఆరు పాత్రలు పోస్తే కుంచం నిండుతుందా అని అడిగాను. నిండుతుందని పందెం కాశాడు. పోసి చూశాడు. వాడు కుంచంలోకి తొంగి చూస్తూ ఉంటే, చెప్పవలసిన మాట నా నోటికి రావడానికి కొంచెం సమయం పట్టింది.